ఆర్మూరులో ఎడమచేతి రంగు

ఆర్మూరు వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడలో అందరూ ముందు "అదెక్కడ" అని అడిగారు, తర్వాత "ఎందుకు" అని అడిగారు. మొదటిదానికి జవాబు తేలిక. నిజామాబాదు జిల్లా, హైదరాబాదు నుంచి నాగపూరు పోయే పెద్ద రోడ్డు మీద, పసుపు పండే ఊరు. రెండోదానికి జవాబు చెప్పాలంటే ఇదంతా రాయాల్సి వచ్చింది.

నేను ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఈసీజీ గదిలో పనిచేసి రిటైరయ్యాను. మనిషిని పడుకోబెట్టి, చేతులకూ కాళ్ళకూ క్లిప్పులు పెట్టి, ఛాతీ మీద రబ్బరు బుడ్డలు అంటించి, మిషను లోంచి వచ్చే గళ్ళ కాగితం చింపి డాక్టరుగారి చేతికివ్వడం నా ఉద్యోగం. నేను డాక్టర్ని కాను. కానీ అన్నేళ్ళు చూశాక మనుషుల మొహాలు మర్చిపోయినా గీతలు గుర్తుండిపోతాయి.

మా అక్క కొడుకు శీను హైదరాబాదులో కంప్యూటర్ల పని చేస్తాడు. వాడూ, వాడి స్నేహితులిద్దరూ కలిసి ఆ గీతలు చదివి గుండెజబ్బు ఏమిటో చెప్పే ప్రోగ్రాం తయారుచేశారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్నాడు. డాక్టర్లు తేల్చి చెప్పిన పాత కాగితాలు వేలకొద్దీ చూపిస్తే అది తనంతట తాను నేర్చుకుందట. "నువ్వు ముప్పై ఏళ్ళలో నేర్చుకున్నది ఇది మూడు నెలల్లో నేర్చేసుకుంది పిన్నీ," అన్నాడు మురిసిపోతూ. ఆ పూట వాడికి రెండో అట్టు వెయ్యలేదు నేను.

ఆర్మూరు మార్కెట్ యార్డులో ఒక సేవా సంస్థవాళ్ళు ఉచితంగా గుండె పరీక్షలు చెయ్యడానికి ఒక గది తెరిచారు. అమెరికాలో ఏదో ఆసుపత్రి వాడేసి పక్కన పెట్టిన ఈసీజీ మిషను వాళ్ళకు దానంగా వచ్చింది. శీను వాళ్ళు తమ ప్రోగ్రాం ఉన్న కంప్యూటరును దానికి కలిపారు. మొదటి వారం బాగానే నడిచింది. ఆ తర్వాత మూడు వారాలుగా, వచ్చిన ప్రతివాళ్ళకూ ప్రోగ్రాం ఒకటే మాట చెబుతోంది: పాత గుండెపోటు, గుండె కింది భాగంలో. బస్తాలు మోసే హమాలీలకు అదే, పసుపు ఏరే ఆడవాళ్ళకు అదే, అమ్ముకోవడానికొచ్చిన రైతులకూ అదే.

శీను దాన్ని తప్పనుకోలేదు సరికదా, సంబరపడ్డాడు. పసుపు దుమ్ముకీ గుండెకీ ఎవరూ కనిపెట్టని సంబంధమేదో ఉందన్నాడు. దెబ్బ తగిలితే పసుపు, జలుబు చేస్తే పసుపు, పెళ్ళికి పసుపు అంటూ పెరిగినదాన్ని, నాకు ఆ మాట మింగుడుపడలేదు. వెళ్ళి చూసి రమ్మని వాడి కోరిక. వెళ్ళి వాడి ప్రోగ్రాం తప్పని తేల్చి రావాలని నా కోరిక. మార్చి నెల, పసుపు సీజను మధ్యలో బయల్దేరాను.

పెర్కిట్ దగ్గర

ఊళ్ళోకి వెళ్ళని బస్సెక్కానని కండక్టరు చెప్పేదాకా తెలియలేదు. పెర్కిట్ దగ్గర పెద్ద రోడ్డు మీద దింపేసి, "ఆటో వస్తది, గక్కడ నిలబడుండ్రి" అని చెయ్యి చూపించి పోయాడు. మా వైపు "అండి" లేకుండా మాట పూర్తికాదు. ఇక్కడ "అండ్రి" అంటారు. మొదటి గంట అది గద్దించినట్టుగా వినిపించింది. రెండో రోజుకి అందులో ఎంత మర్యాద ఉందో తెలిసింది.

ఆటోకి మూడు రూపాయలు. ముగ్గురు పట్టే సీట్లో నాలుగోదానిగా ఇరుక్కున్నాను. పక్కనున్నావిడ ఒళ్ళో సంచీ, సంచీలో పసుపు కొమ్ములు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "గీ సీజన్ల తెల్లచీర గట్టుకొని వచ్చిన్రా మేడం" అని, నవ్వు ఆపుకోవడానికి మొహం అటు తిప్పుకుంది. ఆసుపత్రి అలవాటు, ముప్పై ఏళ్ళూ తెల్లచీరే కట్టాను. ఇందులో నవ్వేదేముందో అనుకున్నాను.

ఊరి మీదికి వంగినట్టుండే గుట్ట ఒకటి ముందు కనిపిస్తుంది. అంతా నల్లటి బండలే, ఎవరో తీరిగ్గా పేర్చి మర్చిపోయినట్టు. దాని కింద బట్టల దుకాణాలు, దుబాయి ట్రావెల్సు బోర్డులు, బీడీల ఆకు తడిపిన వాసన. ఇవన్నీ దాటి యార్డు గేటులోకి మలుపు తిరగ్గానే ముక్కు ముందు చెప్పింది ఎక్కడికొచ్చానో.

పసుపు రాసులు

మా ఇంట్లో పసుపంటే పోపులపెట్టెలో చిన్న గిన్నె. ఇక్కడ నా నడుమెత్తు రాసులు, వరసలు వరసలుగా. గోనెల మీద పసుపు, తక్కెళ్ళ మీద పసుపు, పిచ్చికల మీద కూడా పసుపు. యార్డులో తిరిగే కుక్క ఒకటి పుట్టుకతో తెల్లదే అయ్యుంటుంది, చెవుల వెనక మాత్రం ఆ ఆనవాలు మిగిలింది. గేటు పక్కన ఖాదర్ భాయ్ అనే పెద్దాయన హోటల్లో రెండు రూపాయల టీ తాగాను. ఆయన ఇచ్చిన చిల్లర నోటు కూడా పసుపే. "అది కడిగినా పోదమ్మా, మా నోట్లు నిజామాబాద్ల గుర్తువడ్తరు," అన్నాడు గర్వంగా.

పరీక్షల గదిలో ఉన్నది సునీత. పాతికేళ్ళుంటాయి. పెర్కిట్ అమ్మాయి, నిజామాబాదులో నర్సు శిక్షణ అయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. మొదటి వారం మిషను నడిపిన శీను స్నేహితుడు వెళ్ళిపోయాక ఈ అమ్మాయి చేరింది. అంటే కాగితాలు మారింది సరిగ్గా ఈ పిల్ల వచ్చాకే. ఆ సంగతి నాకూ తెలుసు, సునీతకూ తెలుసు. నాకు కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పి, కాగితాల కట్ట ముందు పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది.

మూడో కాగితానికే తప్పు పట్టేశాను. ఈసీజీలో కుడిచేతి గీత అని ఒకటి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరికైనా అది తలకిందులుగా వేలాడాలి. ఇక్కడ కట్టలోని ప్రతి కాగితంలోనూ నిక్కి నిలబడి ఉంది. అలా ఉందంటే సాధారణంగా చేతుల క్లిప్పులు తారుమారయ్యాయని అర్థం. గుండె కుడివైపున్న మనిషికి కూడా అలా వస్తుంది గానీ, ఊరందరికీ గుండె కుడివైపున ఉండదు కదా.

సునీతతో చెప్పాను, కాస్త కటువుగానే చెప్పాను. ఆ పిల్ల వెంటనే వరసలో ఉన్న ఒకామెను పడుకోబెట్టి, "జర చూడుండ్రి మేడం" అని నా ఎదుటే క్లిప్పులు పెట్టింది. ఎర్రది కుడిచెయ్యి. పసుపుది ఎడమచెయ్యి. ఆకుపచ్చ ఎడమకాలు. నల్లది కుడికాలు. నేను ముప్పై ఏళ్ళు ఏ వరసలో పెట్టానో అచ్చం అదే వరస. వంక పెట్టడానికి లేదు. కాగితం బయటికొచ్చింది. కుడిచేతి గీత నిక్కి నిలబడే ఉంది. కంప్యూటరు తెర మీద మళ్ళీ అదే మాట, పాత గుండెపోటు.

అయితే తప్పు ప్రోగ్రాందే అనుకున్నాను. చెప్పొద్దూ, సంతోషమే వేసింది.

సాయన్న

సాయన్నను మర్నాడు చూశాను. నలభై అయిదేళ్ళ మనిషి, కొండలాంటి భుజాలు, యార్డు అరుగు మీద కూర్చుని బస్తాల్లోంచి రాలిన కొమ్ములు చీపురుతో పోగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచి వచ్చాడు. ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, లోపల కోడిగుడ్డేదో ఉన్నట్టు అడుగులో అడుగు వేస్తూ వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, ఇందులో ఎంత ప్రమాదం ఉందో దాచకుండా చెప్పమన్నాడు. సునీత పెట్టిన కట్టలో దాని నకలు నేను అప్పటికే చూశాను.

ఇరవై ఏళ్ళుగా హమాలీ పని చేస్తున్నాడు. ఒక్కొక్క బస్తా అరవై, డెబ్బై కిలోలు. ఊరికే చేస్తున్నారంటే వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి జట్టువాళ్ళు బస్తా ముట్టనివ్వలేదు. భార్య గంగమణి కూరలో ఉప్పు మానేసింది, నీళ్ళబిందె కూడా ఎత్తనివ్వడం లేదు. ఏం నొప్పి ఉందని అడిగితే, ఇంతకుముందు ఏమీ లేదని, కాగితం వచ్చాక మాత్రం రోజూ ఉంటోందని చెప్పాడు.

అన్నిటికంటే పెద్ద బాధ వేరే ఉంది. ఎనిమిది మంది హమాలీల జట్టులో సాయన్న జాగా మూడు వారాలుగా ఖాళీగా ఉంది. సీజనులో అలా ఉంచరు. సోమవారం పొద్దున నందిపేట నుంచి కొత్త మనిషి వస్తున్నాడు. వాడు వచ్చి ఒక్క బస్తా ఎత్తాడంటే ఆ జాగా వాడిదే, సాయన్నకు ఇక చీపురే. చీపురుకు వచ్చే కూలి సగం కూడా ఉండదు.

జట్టు పెద్ద లింబన్న దగ్గరికి నేనే వెళ్ళాను, నాలుగు మాటలు అనాలని. అనలేకపోయాను. ఆయన కోపిష్టి కాదు, భయపడుతున్న మనిషి. "పోయినేడు మా జట్టుల ఒకడు బస్తా భుజాన ఉండంగనే కూలిండు మేడం. బస్తా తీసి చూస్తే పానం లేదు. ఇంకొకన్ని గట్ల చూడ నేను," అన్నాడు. సాయన్న తన మేనత్త కొడుకేనట. కాగితం తప్పని పెద్ద డాక్టరు చెబితే ఆ నందిపేట మనిషిని గేటు నుంచే తిప్పి పంపిస్తానన్నాడు. నిజామాబాదు నుంచి గుండె డాక్టరు నెలకొక శనివారం వస్తారు. ఆ శనివారం రెండు రోజుల్లో ఉంది.

నేను ఎస్టీడీ బూతు నుంచి శీనుకు ఫోను చేసి, నీ ప్రోగ్రాం ఒక మనిషి కూడు తీస్తోందిరా అన్నాను. వాడు నొచ్చుకున్నాడు గానీ, కాసేపట్లోనే యార్డు కంప్యూటరు నుంచి కాగితాలన్నీ తెప్పించుకుని చూశాడు. గీతలే అలా వస్తున్నాయి, వచ్చిన గీతను బట్టి అది చెబుతోంది, ఆ గీత చూపిస్తే ఏ డాక్టరైనా కింది భాగంలో పాత గుండెపోటేమోననే అంటాడన్నాడు. తిరిగి చూస్తే నిజమే. క్లిప్పులు పెట్టినామెది తప్పు కాదు, గీత చదివినదానిది తప్పు కాదు. మరి గీత ఎక్కడ తిరగబడుతోంది? ఆ రాత్రి లాడ్జీలో మంచం మీద తెల్లగా ఉండాల్సిన దిండుకేసి చూస్తూ పడుకున్నాను గానీ ఏమీ తట్టలేదు.

సునీత వాళ్ళమ్మ సబ్బు

శుక్రవారం సాయంత్రం సునీత నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. లాడ్జీ తిండి మీద నేను రాగాలు తీస్తుంటే విని విసుగొచ్చి ఉంటుంది. వాళ్ళమ్మ సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లాకు కలిపి, గిన్నె లోపలి గోడలకే చేత్తో అద్ది, ఆ గిన్నెనే పొయ్యి మీద పెడుతుంది. మేం పెనం మీద తిప్పలు పడి తిప్పేదంతా వీళ్ళు గిన్నెకే వదిలేస్తారు. నాలుగు తిన్నాను. ఇంటి గోడ మీద సిలువ, దాని కింద సునీత నర్సు సర్టిఫికెట్టు, రెండింటికీ ఒకటే పూలదండ.

మూడు రోజుల యార్డు తిరుగుడుకి నా తెల్లచీర ఏ రంగులోకి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ ఒక పాత చీర కట్టుకోమనిచ్చి, బక్కెటూ సబ్బూ చేతికిచ్చింది. రుద్దాను. రుద్దిన చోటల్లా చీర కుంకుమ పోసినట్టు ఎర్రగా అయిపోయింది. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని నాకూ తెలుసు, వంటింట్లో చిన్న మరకలు చూశాను. చీర చీరంతా అలా కావడం ఎప్పుడూ చూడలేదు. కంగారుపడితే వాళ్ళమ్మ నవ్వి, ఎండలో వేస్తే రెండు రోజుల్లో పోతుందని ధైర్యం చెప్పింది.

చీర ఆరేస్తుంటే తీగ మీద పక్కన ఒక పసుపు కోటు కనిపించింది. ఆసుపత్రుల్లో తెల్లకోటు వేస్తారు కదా, మీకు పసుపుది ఇచ్చారేమని సునీతను అడిగాను.

"తెల్లదే ఇచ్చిన్రు మేడం. ఆర్మూర్ల తెల్లది తెల్లగుండది," అంది.

నేను చేతిలో క్లిప్పుతో అక్కడే నిలబడిపోయాను. బట్టల క్లిప్పు. నా ఆలోచన మాత్రం యార్డులో బల్ల మీదున్న ఇంకో క్లిప్పు మీదికి పోయింది. తడి చీర అలాగే వదిలేసి రోడ్డు మీది ఎస్టీడీ బూతుకి నడిచాను. సునీతా, వాళ్ళమ్మా ఏమైందోనని వెనకాలే వచ్చారు. శీనుతో వేరే మాట లేకుండా, మిషను పెట్టినప్పుడు నాలుగు క్లిప్పులు ఏ ఏ రంగులో చెప్పమన్నాను.

వాడు తడుముకోకుండా చెప్పాడు. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ.

పసుపు మాటేమిటని అడిగాను.

"పసుపా? ఆ మిషనుకి పసుపు క్లిప్పే లేదు పిన్నీ," అన్నాడు.

సబ్బు పెట్టి చూడడం

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. అమెరికావాళ్ళ రంగులు వేరు, మన ఆసుపత్రుల్లో నేను చూసిన రంగులు వేరు. వాళ్ళకు తెల్లది కుడిచెయ్యి, నల్లది ఎడమచెయ్యి, ఎర్రది ఎడమకాలు, ఆకుపచ్చ కుడికాలు. ఆ తెల్ల క్లిప్పు మొదటి వారంలో ఎందరి మణికట్లు పట్టుకుందో. పసుపు రాసుల్లోంచి నేరుగా వచ్చి పడుకున్న చేతులు, పైన క్లిప్పుల కింద రాసే తడి జిగురు. తెల్లది పసుపు అయింది. మీద ఇంగ్లీషు అక్షరాలుండేవి, స్పిరిటు దూదితో తుడిచి తుడిచి అవీ పోయాయి. సునీత వచ్చేసరికి బల్ల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు ఉన్నాయి, సరిగ్గా తను నేర్చుకున్న నాలుగు రంగులు. అనుమానం ఎందుకొస్తుంది? నాకే రాలేదు. కుడిచేతికి పెట్టాల్సింది ఎడమచేతికి, కాలికి పెట్టాల్సింది చేతికి, అన్నీ తలా ఒక చోటికి చేరాయి. ఛాతీ మీది బుడ్డలకు అంకెలుండబట్టి అవి మాత్రం బతికిపోయాయి.

శనివారం పొద్దున గది ముందు జనం పోగయ్యారు. సాయన్న, గంగమణి, లింబన్న ముందు వరసలో ఉన్నారు. నేను మాటల్లో చెప్పబోతే సునీత ఆపింది. "సబ్బు వెట్టి చూద్దం మేడం. మా వాళ్ళకు గదే సమజైతది," అని, మిషను తీగ నుంచి పసుపు క్లిప్పు ఊడదీసి, తడిపి, సబ్బు రుద్దింది.

నురగ ఎర్రగా వచ్చింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి "ఓ" అన్నారు. ఇక వాళ్ళకు నా ఉపన్యాసం అక్కర్లేకపోయింది. సునీత క్లిప్పు తెరిచి లోపలి మడత చూపించింది. అక్కడ తెల్లగా ఉంది.

సునీత దాన్ని చేతిలో పట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయింది. "మూడు వారాలు నేనే గద మేడం పెట్టింది," అంది. సాయన్న వైపు చూడలేకపోయింది. నేను కూడా మూడు రోజులు పక్కనే కూర్చుని అంతా సరిగ్గా ఉందని అన్నానని అందరూ వినేలా చెప్పాను. ముప్పై ఏళ్ళ అనుభవం అని వచ్చిన దగ్గర్నుంచీ నేను కొట్టిన గొప్పలకు ఆ మాత్రం శిక్ష ఉండాలి. సాయన్న అయితే చొక్కా విప్పి బల్ల ఎక్కి పడుకుని, చేతులు చాపాడు.

సునీత తెల్లది కుడిచేతికి పెట్టింది. పెట్టేముందు నా వైపు చూసింది, నేను తలూపాను. కాగితం వచ్చింది. కుడిచేతి గీత బుద్ధిగా తలకిందులుగా వేలాడుతోంది. తెర మీద గుండెపోటు మాట లేదు. గంగమణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు.

మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చేలోపు అందరివీ మళ్ళీ తీశాం. దాదాపు అందరూ తేటగా బయటపడ్డారు. పసుపు ఏరే లస్మవ్వ అనే ముసలామె ఒక్కదాని కాగితం దగ్గర ప్రోగ్రాం ఆగింది. గుండె లయ తప్పుతోంది, డాక్టరు చూడాలి అంది. మళ్ళీ తప్పేనేమోనని లస్మవ్వతో సహా అందరం నవ్వాం. డాక్టరుగారు మాత్రం నాడి పట్టుకుని, గుండె విని, నవ్వకుండా నిజామాబాదుకి చీటీ రాశారు. లస్మవ్వకు ఏ బాధా లేదు. అందుకే ఎవరూ అడక్కుండానే గీత చూసి చెప్పే ఇలాంటిది ఒకటి ఉండాలని ఆయన అన్నారు. శీను ప్రోగ్రాం మీద నా కోపం పోయింది అక్కడే.

సాయన్నను ఆయన చాలాసేపు చూశారు. ఆయాసం వస్తుందా అని అడిగి, గది చుట్టూ పరుగెత్తించి, మళ్ళీ విని, పని చేసుకోవచ్చని రాసి సంతకం పెట్టారు.

ఆదివారం శీను ఫోను చేశాడు. వాడి గొంతులో పొగరు కాస్త తగ్గింది. "దానికి అన్నీ మంచి కాగితాలే చూపించాం పిన్నీ. తప్పుగా తీసిన కాగితం ఎలా ఉంటుందో ఒక్కటీ చూపించలేదు," అన్నాడు. ఆర్మూరు తప్పు కాగితాలన్నీ పారెయ్యకుండా పంపమని సునీతను అడిగాడు, వాటితో దానికి మళ్ళీ పాఠం మొదలుపెడతాడట. ఇకనుంచి కుడిచేతి గీత నిక్కితే జబ్బు పేరు చెప్పకముందే క్లిప్పులు చూసుకోమని చెప్పాలి. నాకు ఆ పాఠం మొదటి ఏడాదిలోనే మా పెద్ద నర్సు చెప్పింది, చెవి మెలిపెట్టి మరీ చెప్పింది. పాపం దానికి చెవి లేదు.

ఒక బస్తా

సోమవారం మధ్యాహ్నం నా బస్సు. పొద్దున్నే సంచీ సర్దుకుని యార్డుకి వెళ్ళాను. నందిపేట మనిషి వచ్చి ఖాదర్ భాయ్ హోటల్లో టీ తాగుతున్నాడు, లింబన్న తిప్పి పంపలేదు. నాకు ఒళ్ళు మండింది. డాక్టరు చెప్పాక కూడా ఏమిటిది అని అడిగాను. ఆయన సాయన్న వైపు చూపించాడు.

సాయన్న బస్తా ముందు నిలబడి ఉన్నాడు. తలపాగా చుట్టాడు, నడుం వంచాడు, చేతులు బస్తాకి తాకించాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి మూడుసార్లయిందట. ఇరవై ఏళ్ళు ఎత్తిన బస్తానే. మూడు వారాలు అందరూ కలిసి ఆ మనిషి చేత గుండెజబ్బు మోయించాం, ఒక సంతకంతో దిగుతుందని ఎలా అనుకున్నామో.

నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. సిగ్గుపడుతూ అడిగాడు. "మేడం, గీ బస్తా ఒక్కటి ఏసొస్త. వచ్చినంక ఎంటనే మిషన్ వెట్టుండ్రి. లోపల ఏమన్నయితే అది చెప్తది గద."

దాన్ని ఇంకా నమ్ముతున్నావా అని నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. సునీత అప్పటికే గది తలుపు తీసి, నాలుగు క్లిప్పులూ వరసగా బల్ల మీద పరిచింది. తెల్లదాన్ని ఆ పొద్దున మళ్ళీ సబ్బుతో తోమినట్టుంది, గులాబీ రంగులో ఉంది. దానికి ఎర్రదారం కట్టి, దారానికి ఒక అట్టముక్క వేలాడదీసింది. అట్ట మీద పెద్ద తెలుగు అక్షరాలతో "కుడిచెయ్యి" అని రాసి ఉంది.

లింబన్న తనే వచ్చి ఒక పక్క పట్టి బస్తా ఎత్తించాడు. సాయన్న భుజం కిందికి వెళ్ళింది, లేచింది. లారీ దాకా పది పన్నెండు అడుగులు, తర్వాత వాలుగా వేసిన చెక్కపలక. యార్డులో ఎవరూ పని ఆపలేదు గానీ ఎవరి చేతులూ కదలడం లేదు. గంగమణి అడుగులు లెక్కపెడుతున్నట్టుంది, పెదాలు ఆడుతున్నాయి. సాయన్న పలక ఎక్కాడు, బస్తా లారీలో పడేశాడు, దిగి నేరుగా పరీక్షల గదిలోకి వచ్చి చెమటతోనే పడుకున్నాడు.

సునీత క్లిప్పులు పెట్టింది. నేను కాగితం చించి కుడిచేతి గీత ముందు చూసుకున్నాను. తెర మీద ఒకటే వరస వచ్చింది.

"ఏమంటుంది?" అన్నాడు, కళ్ళు తెరవకుండా.

"గుండె వేగంగా కొట్టుకుంటోంది అంటోంది. ఇంకేం లేదు అంటోంది," అన్నాను.

"బస్తా ఏసొస్తి. కొట్టుకోదా మరి," అన్నాడు సాయన్న, అని నవ్వాడు. ఆ మనిషి నవ్వగా నేను చూడడం అదే మొదలు. గుమ్మంలో నిలబడ్డ లింబన్న వెనక్కి తిరిగి, నందిపేట మనిషికి ఇంకో టీ ఇవ్వమని, బస్సు చార్జీ తనే ఇస్తానని ఖాదర్ భాయ్‌కి కేకేశాడు.

కాగితం మడిచి సాయన్న చేతికిచ్చాను, దాచుకో, మళ్ళీ ఎవరైనా అడిగితే చూపించవచ్చు అన్నాను. లేచి చొక్కా వేసుకుంటూ దాన్ని ఒకసారి చూసి, నాకే తిరిగి ఇచ్చేశాడు. పసుపు బొటనవేలి ముద్ర దాని మీద పడింది, ఇప్పుడు నేనిది రాస్తుంటే బల్ల మీద ఉంది.

"మీరే ఉంచుకోండ్రి మేడం," అన్నాడు. "కాయితం లేనప్పుడే నేను మంచిగ మోసిన."